గెలిచింది మరిచారు.. ఓడింది మొక్కుతున్నారు! ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్‌లో యుద్ధాల జ్ఞాపకం ఎలా బతుకుతోంది?

ఉప్పరపల్లి యుద్ధం పేరు ఎప్పుడైనా విన్నారా? కరీంనగర్ వాళ్లనే అడిగినా చాలామంది లేదనే అంటారు. అదే జోడేఘాట్ అనండి.. ఆదిలాబాద్‌లో చిన్న పిల్లాడు కూడా కొమురం భీమ్ పేరు చెప్తాడు. మొదటిది మనవాళ్లు ఢిల్లీ సైన్యాన్ని ఓడించిన యుద్ధం. రెండోది మనవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్న పోరు. గెలిచిన చోట జాతర లేదు, స్తూపం లేదు. ఓడిన చోటికి మాత్రం ఏటా వేల మంది నడిచి వెళ్తున్నారు.

ఇలా ఎందుకు జరిగింది? ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏయే పోరాటాలు జరిగాయి? వాటిని జనం ఏ రకంగా గుర్తుపెట్టుకున్నారు? అందులో రికార్డు ఎంత, కథ ఎంత? ఈ జ్ఞాపకం ఇప్పటి మన బతుకుతో ఎక్కడ ముడిపడి ఉంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

1303: ఢిల్లీ సైన్యం వెనక్కి తగ్గిన చోటు

అది ఓరుగల్లులో కాకతీయ ప్రతాపరుద్రుడి కాలం. ఢిల్లీలో అలావుద్దీన్ ఖిల్జీ. దక్షిణాది మీద కన్నేసిన ఖిల్జీ మాలిక్ జునా, మాలిక్ ఛజ్జుల నాయకత్వంలో పెద్ద సైన్యాన్ని పంపించాడు. ఆ సైన్యం బెంగాల్, ఒడిశాల మీదుగా చుట్టు తిరిగి తెలంగాణలోకి వచ్చింది. ఉప్పరపల్లి దగ్గర కాకతీయ సేనలు అడ్డుకున్నాయి. ఈ ఉప్పరపల్లి ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోదేనని చరిత్రకారులు గుర్తించారు. పోతుగంటి మైలి, రేచర్ల వెన్నమ కొడుకు ప్రసాదిత్యుడు లాంటి నాయకులు ముందుండి పోరాడారు. ఢిల్లీ సైన్యం ఓడిపోయి వెనుదిరిగింది.

ఈ యుద్ధం గురించి మనకు తెలిసింది ప్రధానంగా వెలుగోటివారి వంశావళి ద్వారా. అంటే ఒక రాజకుటుంబం తమ పూర్వీకుల ఘనత చెప్పుకోవడానికి రాయించుకున్న పుస్తకం. ఢిల్లీ వైపు చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాతల్లో ఈ దండయాత్ర విఫలమైనట్టు ఉంది కానీ, నెపం వానల మీద పడింది. గెలిచినవాళ్లు తమ వంశం గొప్ప అన్నారు, ఓడినవాళ్లు వానాకాలం తప్పు అన్నారు. ఊరి జనం నోట మాత్రం ఈ కథ నిలవలేదు.

ఇక్కడ ఒక పోలిక చూడండి. సరిగ్గా అదే 1303లో ఖిల్జీ రాజస్థాన్‌లోని చిత్తోడ్ కోటను గెలిచాడు. రాజపుత్రులు ఓడిపోయారు. ఆ చిత్తోడ్ కథ కావ్యమైంది, పాటైంది, 2018లో పెద్ద సినిమా కూడా అయ్యింది. అదే ఏడాది అదే సుల్తాన్‌ను నిలవరించిన ఉప్పరపల్లి పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక బిట్టుగా మిగిలిపోయింది.

ఆ గెలుపు ఎక్కువ కాలం నిలవకపోవడం కూడా ఒక కారణం. 1309లో బయలుదేరిన మాలిక్ కాఫర్ దేవగిరి వైపు నుంచి వచ్చి, దారిలో ‘సర్బర్’ అనే కోటను పట్టుకున్నాడు. అమీర్ ఖుస్రో రాతల్లో కనిపించే ఆ కోట ఆదిలాబాద్ ప్రాంతంలోని సిర్పూరే అని చాలామంది చరిత్రకారుల మాట. 1310లో ఓరుగల్లు లొంగి కప్పం కట్టింది. 1323లో ఉలుగ్ ఖాన్ దాడితో కాకతీయ రాజ్యమే ముగిసిపోయింది. రాజ్యంతో పాటే ఆ గెలుపును చెప్పుకునేవాళ్లూ పోయారు.

పొలాస నుంచి మేడారం దాకా: ఓడిన రాజు, దేవతైన బిడ్డ

కాకతీయుల గెలుపును మరిచిన జనమే, వాళ్ల చేతిలో ఓడిన వాళ్లను దేవతలుగా కొలుస్తున్నారు. సమ్మక్క సారలమ్మల కథ తెలియని ఇల్లు ఈ ప్రాంతంలో ఉండదు. జనం చెప్పుకునే కథ ప్రకారం సమ్మక్కను పెంచిన మేడరాజు పొలవాసను ఏలినవాడు. ఆ పొలవాసే ఇప్పుడు జగిత్యాల పక్కనున్న పొలాస. కరువు కాలంలో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సైన్యం మేడారం మీద పడింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజులు పోరులో పోయారు. జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం వదిలాడు, అందుకే అది జంపన్న వాగైంది. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి కనుమరుగైంది. వెతికిన వాళ్లకు కుంకుమ భరిణె దొరికింది.

శాసనాలు మాత్రం ఇంకో విషయం చెబుతున్నాయి. పొలవాసను ఏలిన మేడరాజుల పేర్లు 12వ శతాబ్దం నాటివి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి రుద్రదేవుడి శాసనంలో ఆయన ఓడించినవారి జాబితాలో మేడరాజు పేరుంది. అంటే పొలవాస మీద కాకతీయుల గెలుపు ప్రతాపరుద్రుడికి వంద ఏళ్లకు పైగా ముందే జరిగింది. తరతరాలుగా నోటి మాటగా వచ్చిన కథలో వేర్వేరు కాలాల పోరులు కలిసిపోయి ఉండొచ్చు.

అయితే జాతరకు వెళ్లేవాళ్లకు రాజు పేరు ముఖ్యం కాదు. ‘కరువులో పన్ను అడిగారు, కట్టమన్నాం’ అన్న మాట ముఖ్యం. రెండేళ్లకోసారి మాఘ మాసంలో గద్దెల మీదికి సమ్మక్కను తెచ్చేది కోయ పూజారులే. అక్కడ గుడి గోపురం లేదు, విగ్రహం లేదు. నిలువెత్తు బెల్లాన్ని ‘బంగారం’ అని మొక్కు చెల్లిస్తారు. 1996లో ప్రభుత్వం దీన్ని రాష్ట్ర పండుగగా గుర్తించింది. మేడారం పోలేనివాళ్ల కోసం కరీంనగర్ పక్కన రేకుర్తి లాంటి చోట్ల కూడా గద్దెలు వెలిశాయి, జాతరలు జరుగుతున్నాయి. గెలిచిన రుద్రదేవుడి మాట రాతి మీద ఉంది. ఓడినవాళ్ల మాట జనం నెత్తిన బెల్లం దిమ్మెల రూపంలో ఊరూరా తిరుగుతోంది.

ఇరాక్‌లో జరిగిన యుద్ధం.. మన ఊరి గుండంలో

ఓడిన పోరును గుర్తుపెట్టుకోవడం మన దగ్గరే ఉన్న అలవాటు కాదు. 680వ సంవత్సరంలో ఇప్పటి ఇరాక్‌లోని కర్బలాలో ప్రవక్త మనవడు ఇమాం హుసేన్, ఆయన వెంట ఉన్న కొద్దిమంది యజీద్ సైన్యం చేతిలో చనిపోయారు. ఆ పోరే మొహర్రంగా మన ఊళ్లకు వచ్చింది. పీర్ల పండుగ అంటే తెలంగాణ పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. పీర్లను ఎత్తుకునేవాళ్లలో, అలాయ్ ఆడేవాళ్లలో, కుడుకలు, దట్టీలు మొక్కుకునేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఒక్క ముస్లిం కుటుంబం కూడా లేని ఊళ్లలోనూ పీర్లు లేస్తాయి.

బయటి దేశాల్లోనూ ఇంతే. సెర్బియా జనం 1389 నాటి కొసొవో యుద్ధాన్ని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వాళ్లకు ఏప్రిల్ 25 పెద్ద స్మృతి దినం. 1915లో వాళ్ల సైనికులు టర్కీలోని గల్లిపోలి తీరంలో దిగిన రోజది. ఆ దండయాత్ర విఫలమైంది. అయినా తెల్లవారుజామునే లేచి నివాళులర్పిస్తారు. పోయినవాళ్లు ఎందుకు పోయారన్న ప్రశ్న మిగిలి ఉన్నంత కాలం జనం ఆ తేదీని వదలరు.

నిర్మల్: వెయ్యి ఊడల మర్రి.. వెయ్యి ఉరుల మర్రి

1857 తిరుగుబాటు అనగానే మీరట్, ఝాన్సీ, ఢిల్లీ అంటాం. ఆ మంట గోదావరి ఒడ్డున నిర్మల్ దాకా వచ్చిందన్న సంగతి చాలా కాలం పాఠాల్లో లేదు. ఉత్తరాదిలో తిరుగుబాటు అణిగాక కొంతమంది రోహిల్లాలు, ఇతర పోరాట యోధులు దక్కన్ వైపు వచ్చారు. గోండు నాయకుడు రాంజీ వాళ్లతో చేయి కలిపాడు. నిర్మల్ చుట్టుపక్కల అడవులు, గుట్టలు ఆసరాగా చేసుకుని నిజాం అధికారుల మీద, వాళ్ల వెనకున్న ఇంగ్లీషు సైన్యం మీద దాడులు చేశారు. కల్నల్ రాబర్ట్ నాయకత్వంలో వచ్చిన సైన్యం చివరకు రాంజీని పట్టుకుంది. 1860 ఏప్రిల్ 9న నిర్మల్ దగ్గర మర్రిచెట్టుకు రాంజీని, ఆయనతో పాటు వెయ్యి మందిని ఉరితీశారని జనం చెప్పుకుంటారు.

పెద్ద మర్రికి ఊడలు ఎక్కువ కాబట్టి ‘వెయ్యి ఊడల మర్రి’ అనడం మామూలే. ఉరితీతల తర్వాత జనం నోట అది ‘వెయ్యి ఉరుల మర్రి’ అయ్యింది. ఊడ, ఉరి.. ఒక్క మాట మార్పులో ఒక తిరుగుబాటు చరిత్రంతా దాచుకున్నారు. వెయ్యి అన్నది లెక్కపెట్టి రాసిన సంఖ్య కాకపోవచ్చు. పేర్లు రాసుకునే అవకాశం లేనివాళ్లు ‘చాలామంది’ అని చెప్పడానికి వాడిన మాటగా దాన్ని చూడాలి.

ఆ మర్రి ఇప్పుడు లేదు. 1995లో గాలివానకు కూలిపోయింది. నిర్మల్‌లో రాంజీ గోండు విగ్రహం, స్మారకం వచ్చాయి. 2021 సెప్టెంబర్ 17న కేంద్ర హోంమంత్రి అమిత్ షా సభ ఈ మర్రి పేరుతో ఉన్న మైదానంలోనే జరిగింది. హైదరాబాద్‌లో కేంద్రం తలపెట్టిన గిరిజన స్వాతంత్య్ర సమరయోధుల మ్యూజియానికి కూడా రాంజీ పేరే పెట్టారు. నూటయాభై ఏళ్లు చెట్టు పేరులో మాత్రమే బతికిన మనిషి ఇప్పుడు రాజకీయ వేదికల మీదికి వచ్చాడన్నమాట.

జోడేఘాట్: పౌర్ణమి చెప్పే తేదీ ఏంటి?

కొమురం భీమ్ ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో 1901లో పుట్టారు. అడవి నరికి సాగు చేసుకునే గోండులకు అప్పట్లో అటవీ సిబ్బందితో, భూమిని పట్టా చేసుకున్న బయటివాళ్లతో రోజూ గొడవే. పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా. పంట గొడవలో సిద్ధిఖ్ అనే వ్యక్తి భీమ్ చేతిలో చనిపోయాడని, ఆ తర్వాత ఆయన చాందా వైపు, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్లి తిరిగొచ్చారని చెప్తారు. వచ్చాక బాబెఝరి, జోడేఘాట్, పట్నాపూర్ సహా 12 ఊళ్ల గోండు, కోలాం రైతులను కూడగట్టారు. ఈ అడవి, ఈ భూమి, ఈ నీళ్లు మావే అన్నారు. ఆ డిమాండే ‘జల్, జంగల్, జమీన్’ అనే నినాదంగా భీమ్ పేరుతో నిలిచిపోయింది. చర్చలు ఫలించలేదు. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం ప్రభుత్వ పోలీసుల కాల్పుల్లో భీమ్, ఆయన అనుచరులు చనిపోయారు.

మరి ఏ రోజు? ఇక్కడే అసలు చిక్కు. చాలా పుస్తకాల్లో 1940 సెప్టెంబర్ 1 అని ఉంటుంది. కొన్నింట్లో అక్టోబర్ తేదీలున్నాయి. గోండులు మాత్రం ఆశ్వయుజ పౌర్ణమి అంటారు. ఆ రోజే వర్ధంతి చేస్తారు. ప్రభుత్వం కూడా అదే పాటిస్తోంది.

సింపుల్‌గా లెక్క చూద్దాం. 1940 అక్టోబర్ 1న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుంది. దానికి ఒక చాంద్రమాసం వెనక్కి వెళ్తే సెప్టెంబర్ 1, 2 తేదీల్లో ఇంకో అమావాస్య. అంటే పుస్తకాల్లో ఉన్న సెప్టెంబర్ 1 దాదాపు అమావాస్య రోజు. ఆ ఏడాది ఆశ్వయుజ పౌర్ణమి వచ్చింది అక్టోబర్ 16న. కాబట్టి ‘సెప్టెంబర్ 1, పౌర్ణమి రాత్రి’ అని కలిపి రాస్తున్న కథనాల్లో ఏదో ఒకటి తప్పక తప్పు. క్యాలెండర్ తేదీ రాసుకోని సమాజం చంద్రుణ్ని చూసి రోజు గుర్తుపెట్టుకోవడం సహజం. రేపు ఎవరైనా పాత దస్త్రాలు తిరగేసి తేదీ తేల్చినా, జోడేఘాట్ జనం పౌర్ణమినే పాటిస్తారు. ఆ రోజు అక్కడ జెండాలు ఎగరేస్తారు, గోండు సంప్రదాయంలో పూజలు చేస్తారు, ఆ తర్వాత అధికారులు దర్బార్ పెట్టి అర్జీలు తీసుకుంటారు.

తరచూ కనిపించే ఇంకో పొరపాటు.. భీమ్ రజాకార్లతో పోరాడారని రాయడం. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్ల దాడులు పెరిగింది 1947-48లో. 1940లో జోడేఘాట్ ఎక్కింది నిజాం సర్కారు పోలీసులు. పోరు కూడా మతం మీద కాదు, అడవి హక్కు మీద, పన్నుల మీద. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమాలో భీమ్, అల్లూరి సీతారామరాజు ఢిల్లీలో కలుసుకోవడం పూర్తిగా కల్పన. సినిమాతో పేరు ప్రపంచమంతా వెళ్లింది, మంచిదే. కానీ అందులో గుట్టల మీది పోడు భూమి గొడవ కనిపించదు.

ఓడిన పోరు ఏం సాధించింది?

జోడేఘాట్ కాల్పులతో కథ ముగియలేదు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియాకు చెందిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను రంగంలోకి దించింది. ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్ జైనూర్ దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ అక్కడే మొదలైంది. గిరిజనులకు భూమి పట్టాలు ఇవ్వాలని ఆయన సిఫారసు చేశారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు స్వయంగా వచ్చి సమస్యలు వినే దర్బార్ కూడా 1940ల్లో ఆయన చొరవతో మొదలైందే. ఇప్పటికీ ఏటా పుష్య మాసంలో నాగోబా దర్బార్ జరుగుతోంది. మార్లవాయిలో ఆ దంపతుల సమాధులకు గోండులు నివాళులర్పిస్తుంటారు.

ఆ తర్వాత వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, గిరిజనేతరులకు భూమి బదలాయింపును అడ్డుకునే 1970 నాటి 1/70 చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం.. వీటన్నింటి గురించి మాట్లాడేటప్పుడు ఆదిలాబాద్‌లో జోడేఘాట్ పేరు రాకుండా ఉండదు. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఆసిఫాబాద్ జిల్లాకు భీమ్ పేరు పెట్టారు. జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం కట్టారు. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆసిఫాబాద్‌లోనే మొదలుపెట్టారు.

అయితే పేరు పెట్టినంత మాత్రాన ప్రశ్న తీరలేదు. 2025లో ప్రభుత్వం కవ్వాల్, తాడోబా పులుల అడవులను కలిపే ప్రాంతాన్ని ‘కుమురం భీమ్ కన్జర్వేషన్ రిజర్వ్’గా ప్రకటిస్తూ జీవో 49 ఇచ్చింది. తమ ఊళ్లు, పోడు భూములు పోతాయని ఆదివాసీ సంఘాలు బంద్‌లకు దిగాయి. జులైలో ఆ జీవోను ప్రభుత్వం నిలిపేసింది. అడవిలో హక్కు కోసం చనిపోయిన మనిషి పేరుతో వచ్చిన ఉత్తర్వు చూసి, ఆయన జాతివాళ్లే అడవి పోతుందేమో అని భయపడ్డారు. పులులూ బతకాలి, అందులో అనుమానం లేదు. కానీ ఊరి గ్రామసభను ముందు అడగాలి కదా అన్నది వాళ్ల మాట. 1940లోనూ గొడవ మొదలైంది ఇలాంటి ప్రశ్నతోనే.

ఇంద్రవెల్లి: తలుచుకోవడానికే ఆంక్షలు

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టింది. భూమి హక్కులు, పంటకు సరైన ధర, షావుకార్ల మోసాలు.. ఇవీ డిమాండ్లు. ముందు ఇచ్చిన అనుమతిని చివర్లో రద్దు చేశారు. ఆ కబురు అందని గూడేల జనం డప్పులు కొట్టుకుంటూ వచ్చేశారు. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క 13 మంది మృతులు. పౌరహక్కుల సంఘాలు 60కి పైనే అన్నాయి. దీన్ని యుద్ధం అనలేం, ఎదురుబొదురు సైన్యాలు లేవు. కానీ గోండులు దీన్ని జోడేఘాట్‌తో కలిపే చెప్పుకుంటారు.

ఇక్కడ జ్ఞాపకం కూడా ఒక పోరే అయ్యింది. జనం కట్టుకున్న స్తూపాన్ని 1986 మార్చిలో గుర్తుతెలియని వ్యక్తులు పేల్చేశారు. 1987లో ప్రభుత్వమే ఐటీడీఏ ద్వారా మళ్లీ కట్టించింది. అయినా ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వచ్చిందంటే 144 సెక్షన్, చెక్‌పోస్టులు. సొంతవాళ్లకు నివాళులర్పించడానికి కూడా పోలీసుల అనుమతి కావాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇంద్రవెల్లి వచ్చి అమరుల స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. పోయినవాళ్ల కుటుంబాల గురించి ప్రభుత్వం వేదిక మీద మాట్లాడటానికి నాలుగు దశాబ్దాలు పట్టింది.

మహ్మదాపూర్ గుట్టలు: కాల్చింది కాగితాలు.. పోయింది ప్రాణాలు

కరీంనగర్ వైపు వస్తే తెలంగాణ సాయుధ పోరాటం జ్ఞాపకాలు ఊరూరా ఉన్నాయి. అందులో అనభేరి ప్రభాకర్ రావు పేరు ముందుంటుంది. తిమ్మాపూర్ మండలం పోలంపల్లికి చెందిన భూస్వామి కుటుంబం ఆయనది. సొంత వర్గాన్ని వదిలి దళం కట్టారు. ఈ దళాలు ఊళ్లలో పటేల్, పట్వారీల దగ్గరున్న దస్త్రాలను బజార్లో పోసి తగలబెట్టేవి. ఎవరు ఎంత బాకీ, ఎవరి భూమి ఎవరి పేర ఉందన్న కాగితాలే అప్పుడు రైతు మెడకు ఉరి. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహ్మదాపూర్‌లో నిజాం పోలీసులు చుట్టుముట్టారు. అనభేరి, సింగిరెడ్డి భూపతిరెడ్డి సహా 12 మంది అక్కడే చనిపోయారు. ఏటా మార్చి 14న అక్కడ వర్ధంతి సభ జరుగుతుంది.

ఆరు నెలలకు, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయారు. ఆ రోజును ఏమనాలన్నదే ఇప్పటికీ గొడవ. 2022లో కేంద్రం ‘హైదరాబాద్ విమోచన దినోత్సవం’ అంది. అదే రోజు రాష్ట్రం ‘జాతీయ సమైక్యతా దినోత్సవం’ అంది. 2024లో రాష్ట్రంలో ‘ప్రజాపాలన దినోత్సవం’ అయ్యింది. ‘విలీనం’ అనేవాళ్లూ ఉన్నారు, సైనిక చర్య తర్వాత జరిగిన హింసను తలుచుకునేవాళ్లూ ఉన్నారు. ఒకే రోజుకు ఇన్ని పేర్లు ఉన్నాయంటే, అప్పుడేం జరిగిందన్న దాని కంటే ఇప్పుడు దాన్ని ఎవరు తమదిగా చెప్పుకోవాలన్న దాని మీదే వాదన నడుస్తోందని అర్థం. ఈ పేర్ల గొడవలో మహ్మదాపూర్‌లో పోయిన 12 మంది పేర్లు మాత్రం ఎన్ని టీవీ చర్చల్లో వినిపించాయో ఆలోచించండి.

అయితే ఏది నిలుస్తుంది? ఏది పోతుంది?

పైన చెప్పినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని విషయాలు తేలుతాయి.

- ఏ పోరు వెనకున్న సమస్య ఇంకా తీరలేదో, ఆ పోరు గుర్తుంటుంది. కరువులో పన్ను, అడవిలో సాగు, కాగితం మీద భూమి.. ఇవి ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పరపల్లిలో తేలింది ఏ రాజు సింహాసనం మీద ఉండాలన్నది. ఆ సింహాసనమే ఇప్పుడు లేదు.

- రాత లేని చోట తిథి, చెట్టు, వాగు, గుట్ట రికార్డులవుతాయి. జంపన్న వాగు, వెయ్యి ఉరుల మర్రి, ఆశ్వయుజ పౌర్ణమి ఇలా నిలిచినవే. చెట్టు పడిపోతే సగం చరిత్ర పోయినట్టే.

- మోసే మనుషులు ఉండాలి. కోయ పూజారులు, గోండు పెద్దలు, అమరుల కుటుంబాలు లేకపోతే ఎంత పెద్ద స్తూపమైనా రోడ్డు పక్క దిమ్మెగానే మిగులుతుంది.

- ప్రభుత్వ గుర్తింపుతో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. రోడ్డు పడుతుంది, మ్యూజియం వస్తుంది, పాఠం వస్తుంది. అదే సమయంలో దండ వేసి, ఫొటో దిగి, అర్జీ పక్కన పెట్టే వీలూ వస్తుంది.

- కథను, రికార్డును విడివిడిగా తెలుసుకోవాలి. మేడరాజు కాలం వేరని శాసనం చెప్పినంత మాత్రాన సమ్మక్క మీద భక్తి తగ్గదు. సెప్టెంబర్ 1 పౌర్ణమి కాదని తేలితే జోడేఘాట్ త్యాగం చిన్నదైపోదు. తప్పు తేదీ పట్టుకుని వాదిస్తే మాత్రం, అసలు జరగనే లేదనేవాళ్లకు అవకాశం ఇచ్చినట్టవుతుంది.

ఒక్కచూపులో.. ఎక్కడ? ఎప్పుడు?

- ఉప్పరపల్లి (ఉమ్మడి కరీంనగర్): 1303, కాకతీయుల గెలుపు. స్మృతి దినం లేదు.
- పొలాస (జగిత్యాల), మేడారం (ములుగు): సమ్మక్క సారలమ్మ జాతర, రెండేళ్లకోసారి మాఘ మాసంలో.
- నిర్మల్: రాంజీ గోండు, 1860 ఏప్రిల్ 9.
- జోడేఘాట్ (కెరమెరి మండలం, ఆసిఫాబాద్ జిల్లా): కొమురం భీమ్, 1940. వర్ధంతి ఆశ్వయుజ పౌర్ణమి నాడు.
- మహ్మదాపూర్ (హుస్నాబాద్ దగ్గర): అనభేరి దళం, 1948 మార్చి 14.
- ఇంద్రవెల్లి (ఆదిలాబాద్ జిల్లా): 1981 ఏప్రిల్ 20.

ఈ ఊళ్ల మీదుగా ఎప్పుడైనా వెళ్తే పది నిమిషాలు ఆగి చూడండి. మీ ఊరికీ ఇలాంటి కథ ఒకటి ఉండే ఉంటుంది. ఏ గడి ముందు ఎవరు తిరగబడ్డారో, ఏ గుట్ట మీద ఎవరు దాక్కున్నారో పెద్దవాళ్లకు తెలిసే ఉంటుంది. 1948లో పదేళ్ల వయసున్న వాళ్లు ఇప్పుడు తొంభైకి దగ్గర పడుతున్నారు. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి వాళ్ల పక్కన కూర్చోండి. పేర్లు, ఊళ్లు, ఏ పంట కాలమో అడిగి రాసుకోండి. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి వాళ్లుండరు.